చార్లెస్ వాల్కాట్ – అయిదు కన్నుల జీవి

విశ్వవిద్యాలయ పరీక్ష ఒక్కటైనను వ్రాయకుండగనే ప్రఖ్యాత స్మిత్సోనియన్ సంస్థకు అధిపతియైన శాస్త్రజ్ఞుడు చార్లెస్ డూలిటిల్ వాల్కాట్. ఆయన అలంకరించిన పదవుల పట్టిక దీర్ఘమైనది. మేము మాత్రము ఆయన జీవితమును వ్రేలెడు పొడవైన ఒక మెత్తని సముద్రజీవి వైపు నుండి చూడదలచితిమి. దానిని మొట్టమొదట లోకమునకు చూపినది ఆయనయే. అది ఎట్టిదో తెలియక పోయినదియు ఆయనకే.

వాల్కాట్ 1850 మార్చి 31న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రమందలి న్యూయార్క్ మిల్స్ అను ఊరిలో జన్మించినారు. రెండేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. పదునెనిమిదవ యేట బడి చదువు ముగియకుండగనే నిలిచిపోయినది. కొంతకాలము ఇనుప సామానుల దుకాణములో పనిచేసి, పిదప ట్రెంటన్ జలపాతముల చెంతనున్న రస్ట్ కుటుంబీకుల పొలములో పనికి కుదిరినారు. ఆ పొలపు రాళ్లలోనే ఆయనకు విద్యాలయము దొరికినది. అచ్చటి సున్నపురాతిలో ట్రైలోబైట్ల శిలాజములు సమృద్ధిగా లభించెడివి. ఇవి పీతలకు, తేళ్లకు దూరపు బంధువులై, ఏనాడో నశించిన సముద్రజీవులు. తీరిక వేళల ఏరి కూర్చిన ఆ శిలాజములను 1873లో హార్వర్డు ఆచార్యుడు లూయీ అగాసీకి విక్రయించినారు. ఆయన వద్ద శిష్యరికము చేయవలెనను ఆశ ఉండెడిది కాని, ఆ డిసెంబరులోనే అగాసీ కన్నుమూసినారు. వాల్కాట్ నిరుత్సాహపడలేదు. రాతిని పలుచని బిళ్లలుగా కోసి, అరగదీసి, ట్రైలోబైట్లకు కాళ్లుండెడివని స్వయముగా నిరూపించినారు. 1879లో అమెరికా భూగర్భ సర్వేక్షణ శాఖలో చేరి, 1894లో దానికి అధిపతియైనారు. 1907లో స్మిత్సోనియన్ సంస్థ కార్యదర్శి, అనగా దాని సర్వాధికారి అయినారు.

1909 ఆగస్టు చివరి దినములలో, కెనడా దేశపు బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున, ఫీల్డ్ అను ఊరికి పైనున్న కొండవాలున ఆయనకు బర్జెస్ షేల్ శిలాజములు తటస్థపడినవి. గుఱ్ఱము కాలు జారి ఒక రాయి దొర్లగా అందులో అవి కనబడెనని ఒక కథ చిరకాలము ప్రచారములో నుండెను. కథ వినసొంపైనదే గాని ఆయన దినచర్య పుస్తకము దానికి సాక్ష్యమీయదు. సాధారణముగా మెత్తని దేహములు క్రుళ్లి మాయమగును. గట్టి పెంకులే శిలాజములగును. ఇచ్చట మాత్రము సుమారు 50 కోట్ల 80 లక్షల సంవత్సరముల నాడు బురద ఒక్కసారిగా కమ్ముకొనుటచే కన్నులు, మొప్పలు, ప్రేగులతో సహా జీవులు రాతిపై నల్లని పొరలై నిలిచినవి. మరుసటి యేటి నుండి వాల్కాట్ సకుటుంబముగా వచ్చి ఆ గనిని త్రవ్వించినారు. 1924 వరకు పలుమారులు తిరిగి వచ్చి సుమారు 65,000 నమూనాలు సేకరించినారు.

ఆ సంవత్సరములు ఆయనకు సుఖమైనవి కావు. 1911లో భార్య హెలీనా రైలు ప్రమాదమున మరణించినది. 1913లో పెద్ద కుమారుడు పోయెను. 1917లో మరొక కుమారుడు స్టువర్ట్, విమానదళ సైనికుడై, ఫ్రాన్సులో యుద్ధమున నేలకూలెను. వాషింగ్టనులో కార్యాలయ భారము పగలంతయు మ్రింగుచుండెను.

ఈ ఒత్తిడి నడుమ 1912లో ఆయన ప్రకటించిన జీవులలో ఒకటి ఓపాబీనియా రెగాలిస్. ఆ కొండలలోని ఓపాబిన్ కనుమ పేరు దానికి పెట్టినారు. మంచినీటి మడుగులలో వెల్లకిలగా ఈదు ఫెయిరీ రొయ్యల వంటిదని భావించి, దానిని రొయ్యల వర్గమున చేర్చి, ముందుకు సాగినారు. తీరికగా మరల పరిశీలింపవలసిన నమూనాలు అరలలో ఉండగనే 1927 ఫిబ్రవరి 9న పరమపదించినారు.

తరువాత కేంబ్రిడ్జి ఆచార్యుడు హ్యారీ విటింగ్టన్ ఆ రాళ్లను సూక్ష్మముగా తొలిచి చూచినారు. రొయ్య కాళ్లు కనబడలేదు. తలపై అయిదు కన్నులు. ముందు ఏనుగు తొండము వలె వంగు గొట్టము, దాని కొసను ముండ్ల పట్టుకారు. తల క్రింద వెనుకకు తిరిగిన నోరు. ప్రక్కల రెక్కల వంటి మడతలు! 1972లో ఆక్స్‌ఫర్డు సభలో ఆ చిత్రము చూపగా పండితులందరు ఫక్కున నవ్విరట. సంపూర్ణ వివరణ 1975లో వెలువడినది.

క్రొత్త జీవులను పాత గూళ్లలో ఇరికించినాడని 1989లో స్టీఫెన్ జే గూల్డ్ తన గ్రంథమున వాల్కాట్‌ను విమర్శించినారు. ఆ తీర్పు కొంత కఠినమని మా అభిప్రాయము. ఓపాబీనియా రొయ్య కాదన్నది నిజమే. కాని నేటి పరిశోధకులు దానిని రొయ్యలు, కీటకములు, తేళ్లు పుట్టిన మహావృక్షపు మొదలునకు సమీపముననే నిలుపుచున్నారు. వాల్కాట్ తప్పిపోయినది ఇల్లే గాని వీధి కాదు. ఆయనకు కొఱవడినది చూపు కాదు, తీరిక. ఊహలతో సరిపుచ్చుకొనక రాతిని కోసి కాళ్లు వెదకిన ఆ పొలము పనివాడే, పదవి పెరిగిన పిదప రాయి ముందు కూర్చుండు గంటలు దొరకనివాడైనాడు.

ఓపాబీనియాకు శతాబ్దికి పైగా నిశ్చయమైన తోబుట్టువు లేకపోయినది. 2022లో ఒకటి ప్రకటింపబడినది. అమెరికాలోని యూటా రాష్ట్రపు రాళ్లలో దొరికిన దానికి యుటారోరా అని పేరు. ఆ శిలాజమును 2008లోనే పండితులు వర్ణించియుండిరి. అయితే అనోమలోకారిస్ అను వేరొక జీవి బంధువుల గూటిలో చేర్చియుండిరి.