శిశూద్యాన నిర్మాత ఫ్రోబెల్

జర్మనీ దేశమున తురింగియా అను కొండసీమ యొకటి కలదు. దట్టమైన అడవులకును, చిన్న చిన్న సంస్థానములకును ఆ సీమ పేరు వడసినది. అందు ఓబర్‌వైస్‌బాఖ్ అను గ్రామమున 1782వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ జన్మించెను. తండ్రి ఆ ప్రాంతమున క్రైస్తవ మతాచార్యుడు. పలు గ్రామముల భారము ఆయనపై నుండెను. తల్లి, బిడ్డకు తొమ్మిది నెలలు నిండునప్పటికే కన్ను మూసెను. లోకమునందలి తల్లులకు బిడ్డల నెట్లు లాలింపవలెనో నేర్పినవాడు తల్లి లాలన యెరుగనివాడగుట గమనింపదగిన విషయము.

ఫ్రోబెల్‌కు నాలుగేండ్ల ప్రాయమున తండ్రి మరల వివాహమాడెను. సవతితల్లి మొదట ఆదరముగనే చూచినది. ఆమెకు కొడుకు పుట్టిన పిమ్మట ఆ ఆదరము సన్నగిల్లెను. అంతవరకు ‘నీవు’ అని చేరబిలిచిన ఆమె, ఆ పిలుపు మాని, పరాయివారితో మాటలాడు తీరున మాటలాడసాగెను. పిలుపులో వచ్చిన ఈ మార్పు ఎంత చిన్నది! అయినను నడివయసు వచ్చిన పిదప స్వీయజీవితమును లేఖారూపమున వ్రాసికొన్నపుడు సైతము ఫ్రోబెల్ దానిని మరువలేకపోయెను. నీవు, మీరు, తమరు అను పిలుపుల అంతరము ప్రతిదినము ఎరిగిన తెలుగువారికి ఆ పసివాని బాధను వేరుగ వివరింపబని లేదు.

తండ్రి స్వయముగ చదువు చెప్పబూనెను. కాని ఓపిక చాలక, బాలుడు మందబుద్ధి యని నిశ్చయించి, ఆ యూరి బాలికల పాఠశాలకు పంపెను. ఇల్లు చర్చి గోడల నడుమ, కంచెల చాటున నుండెడిది. గడప దాటుటకు సెలవు లేదు. ఆ బాలునికి కనబడిన లోకమెల్ల తలపై నున్న ఆకాశమును, పెరటి తోటయును. తోటపని నాటినుండియే ఆతనికి తోడయ్యెను.

పదియవ యేట మేనమామ ఆ బాలుని దురవస్థ గ్రహించి తనతో ష్టాట్‌ఇల్మ్ పట్టణమునకు కొనిపోయెను. ఆ యింట ఐదేండ్లు గడచినవి. తోటిపిల్లలతో నదీతీరమున ఆడుకొనుట, పరుగెత్తుట, కలహించుట, కూడుట ఆతనికి అచ్చటనే తొలిసారి లభించినవి. ఫ్రోబెల్ బాల్యము పదియవ యేట ఆరంభమైనదనుట అతిశయోక్తి కానేరదు.

1797లో అతనిని ఒక అటవీశాఖ ఉద్యోగి యొద్ద పని నేర్చుకొనుటకు చేర్చిరి. ఆ గురువు నేర్పినది స్వల్పము. శిష్యుడు మాత్రము ఏకాంతమున మొక్కలను సేకరించుచు, క్షేత్రగణితమును తానే చదువుకొనుచు రెండేండ్లు గడిపెను. పిమ్మట యేనా విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చటనే చదువుచున్న అన్నకు తన సొమ్ము అప్పిచ్చి, అది తిరిగి రాక, తాను అప్పులపాలై, విశ్వవిద్యాలయపు చెరసాలలో తొమ్మిది వారములు బంధితుడయ్యెను. తన యాస్తిపై హక్కు వదలుకొనినట్లు వ్రాయించుకొనిన పిమ్మటనే తండ్రి అప్పు తీర్చి విడిపించెను. 1802లో తండ్రి మరణించెను. తరువాత మూడేండ్లు ఫ్రోబెల్ అటవీ కచేరీలో గుమాస్తాగ, భూములు కొలుచువానిగ, జమీందారుల యొద్ద లెక్కలు వ్రాయువానిగ నిలుకడ లేక తిరిగెను.

1805లో వాస్తుశిల్పము నేర్వదలచి ఫ్రాంక్‌ఫర్ట్ నగరమునకు పోయెను. అచ్చట గ్రూనర్ అను ప్రధానోపాధ్యాయుడు ఈ యువకుని మాటతీరు పరికించి, కట్టడముల పని మాని బడిలో చేరుమని ప్రోత్సహించెను. ఫ్రోబెల్ సందేహించుచునే తరగతిలో అడుగిడెను. బాలుర యెదుట నిలిచిన కొలది దినములకే, తాను చిరకాలముగ వెదకుచున్న స్థానమిదియే యని తెలిసికొనెను.

ఆ కాలమున విద్యావిధానమును గూర్చి యోచించువారందరి చూపు స్విట్జర్లాండునందలి ఇవర్డన్ పట్టణముపై నుండెను. పెస్టలాజీ అచ్చట పాఠశాల నడుపుచుండెను. కంటితో చూచి, చేతితో తాకి, పిమ్మట మాట నేర్వవలెనన్నది ఆయన మతము. ఫ్రోబెల్ 1805లో రెండు వారములు ఆ పాఠశాలను దర్శించెను. మరల 1808లో, తాను చదువు చెప్పుచున్న ఒక ప్రభుకుటుంబపు బాలురను మువ్వురను వెంటనిడుకొని పోయి రెండేండ్లు నిలిచెను. గురువు హృదయమునకు ఆతడు నమస్కరించెను. కాని పాఠశాలలో ఒక పాఠమునకును మరియొక పాఠమునకును పొందిక లేమిని కనిపెట్టెను. భక్తియును విమర్శయును ఒకే చిత్తమున నిలుపుకొనగలుగుట ఉత్తమ శిష్యుని లక్షణము. ఫ్రోబెల్ అట్టివాడు.

ఆ పొందిక యెచ్చట నున్నదో ఆతడు వెదకిన తీరు విచిత్రమైనది. గటింగెన్‌లోను, బెర్లిన్‌లోను ప్రకృతిశాస్త్రములు చదివెను. 1813లో నెపోలియన్‌పై జరిగిన యుద్ధమున స్వచ్ఛంద సైనికుడుగ చేరెను. ఆ దండులోనే మిడెన్‌డార్ఫ్, లాంగెథాల్ అను ఇరువురు విద్యార్థులు మిత్రులై, జీవితాంతము ఆయన పనిలో పాలుపంచుకొనిరి. యుద్ధము ముగిసిన పిమ్మట బెర్లిన్ ఖనిజశాలలో వైస్ పండితునకు సహాయకుడుగ కుదిరి, స్ఫటికములను వర్గములుగ నేర్పరచుచుండెను. రాతి కణమైనను ఒక నియమము ననుసరించి లోనుండి వెలికి పెరుగుచున్నదని ఆ స్ఫటికములు ఆయనకు బోధించినవి. మనుష్యుని పెరుగుదలయు అట్టిదే కావలదా యను ప్రశ్న అచ్చట పుట్టినది. తరువాతి కాలమున ఆయన పసివారి చేత బెట్టిన గోళము, ఘనము, స్తంభము అను ఆటవస్తువులకు మూలము ఆ ఖనిజశాలలోనే యున్నదని భావింపవచ్చును.

1813లోనే ఫ్రోబెల్ సోదరుడు క్రిస్టఫ్, గాయపడిన సైనికులకు పరిచర్య చేయుచు సన్నిపాత జ్వరము సోకి మరణించెను. తండ్రిలేని ఆ పిల్లలను చదివింపబూని ఫ్రోబెల్ ఖనిజశాల కొలువు విడిచెను. 1816లో గ్రీస్‌హైమ్ గ్రామమున అన్నల బిడ్డలైదుగురతో పాఠశాల ఆరంభమయ్యెను. మరుసటి యేడు అది కైల్‌హావ్ గ్రామమునకు మారెను. 1818లో ఆయన బెర్లిన్ నివాసినియగు హెన్రియెట్ అను విద్యావతిని వివాహమాడెను. నగరసుఖముల నెరిగిన ఆమె పల్లెలో పేదరికమును భర్తతో సమముగ పంచుకొనెను. 1826లో మానవుని విద్యను గూర్చిన ఆయన మహాగ్రంథము వెలువడెను. అది చదువుటకు కఠినమైనది. వాక్యములు పొడవు, భావములు చిక్కు. ఫ్రోబెల్ పిల్లలతో మాటలాడినంత తేటగ పెద్దలతో మాటలాడలేకపోయెనని ఒప్పుకొనవలసినదే.

కైల్‌హావ్ పాఠశాలకు త్వరలోనే కీడుకాలము వచ్చెను. అందు స్వేచ్ఛాభావములు బోధింపబడుచున్నవని ప్రష్యా ప్రభుత్వము అనుమానించెను. సంస్థాన ప్రభుత్వము పంపిన పరీక్షాధికారి పాఠశాలను కొనియాడుచు నివేదిక వ్రాసినను అనుమానము తొలగలేదు. తలిదండ్రులు బిడ్డలను మాన్పించిరి. 1829 నాటికి విద్యార్థులు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమంది మాత్రమే మిగిలిరి. 1831లో ఫ్రోబెల్ స్విట్జర్లాండునకు పోయి పాఠశాలలు స్థాపించెను. అచ్చటను మతాచార్యుల ప్రాతికూల్యము తప్పలేదు. 1835లో బుర్గ్‌డార్ఫ్ అనాథ శరణాలయమునకు అధ్యక్షుడయ్యెను. బడికి వచ్చుటకు పూర్వమే, మూడు నాలుగేండ్ల ప్రాయముననే, బిడ్డల స్వభావము చాలవరకు రూపు దిద్దుకొనుచున్నదనియు, ఆ కాలమును గూర్చి పాఠశాల గాని ప్రభుత్వము గాని పట్టించుకొనుట లేదనియు ఆయన మనస్సున అచ్చట దృఢపడెను.

భార్య అనారోగ్యము కారణముగ 1836లో స్వదేశమునకు మరలి, 1837లో బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్న పట్టణమున ఫ్రోబెల్ ఒక క్రీడాశాలను తెరచెను. అప్పటికాయన వయస్సు ఏబదియైదు. తక్కినవారు విశ్రాంతి కోరు వయసున ఆయన అసలు పని మొదలయ్యెను. 1839లో హెన్రియెట్ గతించెను. ఆ దుఃఖముననే సంస్థకు తగిన పేరు కొరకు ఆయన అన్వేషించుచుండెను. 1840 వసంతకాలమున మిత్రులతో కొండదారిని నడచుచుండగా, దిగువ లోయ తోటవలె కనబడినది. ఆ క్షణమున ఆ పేరు స్ఫురించెనట. కిండర్ అనగా పిల్లలు, గార్టెన్ అనగా తోట. ఆ యేడు జూన్ 28వ తేదీన కిండర్‌గార్టెన్ ఆ పేరిట ప్రతిష్ఠింపబడెను.

ఆ పేరు కేవలము అలంకారము కాదు. తోటమాలి మొక్కను లాగి పొడవు చేయడు. నీరు పోయును, కలుపు తీయును, ఎండకు నీడకు తావు చూపును. పెరుగుట మొక్క పని. ఫ్రోబెల్ తోటలో నిజమైన మొక్కలును ఉండెడివి. ఒక్కొక్క శిశువునకు ఒక్కొక్క చిన్న మడి, అందరికిని కలిపి ఉమ్మడి మడులు. తనదియు పదిమందిదియు అను భేదము, సంబంధము శిశువునకు మట్టిలోనే తెలియవచ్చుచుండెను.

ఆటవస్తువులను ఫ్రోబెల్ కానుకలని పిలిచెను. మొదటి కానుక రంగురంగుల ఉన్నితో అల్లిన ఆరు బంతులు. రెండవది కొయ్యతో చేసిన గోళము, ఘనము, స్తంభము. బంతి దొరలును; ఘనము కదలక నిలుచును; స్తంభము నిలుచును, దొరలును కూడ. ఇంత తత్త్వమును శిశువు మాటలు లేకయే గ్రహించును. మూడవ కానుక ఎనిమిది చిన్న ఘనములుగ విడదీయదగిన పెద్ద ఘనము. పగులగొట్టి లోపలేమున్నదో చూడగోరుట పసివారి స్వభావము. పెద్దలు దానిని అల్లరి యందురు. ఫ్రోబెల్ దానిని జిజ్ఞాస యని గుర్తించి, విడదీసినను చెడక మరల కూర్పదగిన వస్తువును చేతికిచ్చెను. ఈ యొక్క ఉపాయము చాలు, ఆయన శిశుహృదయము నెంత లోతుగ చదివెనో తెలియుటకు. ఆ పిమ్మటి కానుకలు ఇటుకల వంటి ముక్కలు, పలకలు, పుల్లలు మొదలైనవి. వానితోపాటు కాగితము మడచుట, అల్లుట, మట్టి బొమ్మలు చేయుట వంటి పనులు, వలయముగ నిలిచి ఆడు ఆటలు నుండెడివి.

1844లో తల్లుల కొరకు ఆటపాటల గ్రంథమును బొమ్మలతో ప్రకటించెను. ఆ పాటల కొరకు ఆయన పల్లెతల్లులు ఒడిలో బిడ్డలనాడించు తీరును గమనించెను. మన యిండ్లలో చేయి యూపించుట, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, బొమ్మరిండ్లు, గుజ్జనగూళ్ళు తరతరములుగ ఉన్నవే. వీనియందు విద్యయున్నదని ఫ్రోబెల్ వలె శాస్త్రము కట్టి చెప్పినవారు అరుదు.

ఆ తోటలో మూడేండ్ల బిడ్డచేత అక్షరములు దిద్దించుట లేదు. నేడు మన పట్టణములలో వీధి వీధిని కనబడు కిండర్‌గార్టెన్ బడులలో పలువురు పసివారు సంచినిండ పుస్తకములు మోయుచు, ఇంటికి వచ్చి పుటలు నింపుచున్నారు. తోట యొకచోట లేదు, ఆట యొకచోట లేదు. పేరు మాత్రము ఫ్రోబెల్ పెట్టినది.

శిశువుల గురువులు స్త్రీలే కావలెనని ఫ్రోబెల్ నమ్మి, వారికి శిక్షణ నియ్యబూనెను. పెండ్లి కాని యువతులు ఇల్లు విడిచి ఉపాధ్యాయవృత్తి నేర్చుటను ఆనాటి సమాజము మెచ్చలేదు. 1848లో రుడోల్‌ష్టాట్ నగరమున జరిగిన ఉపాధ్యాయ సభలో ఆయన యువతులతో కూడ వచ్చి తన పద్ధతిని వివరించినపుడు ఎగతాళి చేసినవారును కలరు. మరుసటి సంవత్సరము ఆయన లీబెన్‌ష్టైన్ అను స్నానతీర్థమునకు మకాము మార్చెను. పల్లెపిల్లలతో గంతులిడుచు ఆడుచున్న ఆ తలనెరసిన మనుష్యుని అచ్చటి జనులు ముసలి వెర్రివాడనుకొనిరి. విహారార్థము వచ్చిన మారెన్‌హోల్ట్స్-బ్యూలో ప్రభ్విణి ఆ మాట విని, వెర్రివానిని చూడబోయి, శిష్యురాలై తిరిగివచ్చెను. ఆమె పలుకుబడితో కిండర్‌గార్టెన్ పేరు రాజాస్థానములకును, పిమ్మట పరదేశములకును చేరెను.

1851లో తన శిష్యురాలగు లూయీ లెవిన్‌ను ఆయన వివాహమాడెను. ఆ సంవత్సరమే ఆగస్టు 7వ తేదీన పిడుగు పడినట్లు ప్రష్యా ప్రభుత్వపు నిషేధాజ్ఞ వెలువడెను. కిండర్‌గార్టెన్‌లు నాస్తికత్వమును నేర్పు సామ్యవాద సాధనములని అందలి యారోపణ. ఫ్రోబెల్ అన్నకుమారుడు కార్ల్, స్త్రీల ఉన్నతవిద్యను, కిండర్‌గార్టెన్‌లను గూర్చి చిన్న పుస్తకమొకటి ప్రకటించియుండెను. ఇంటిపేరు ఒకటియే యగుటచే మంత్రి ఫాన్ రౌమర్ ఇరువురిని కలగాపులగము చేసెను. పొరపాటును చూపినను ఆజ్ఞ మరలలేదు. రాజునకు చేసిన విన్నపము వ్యర్థమయ్యెను. దైవభక్తియే తన పద్ధతికి పునాదిగ భావించినవానికి నాస్తికుడను నింద ఎట్టి శిక్షయో యోచింపవలసినదే.

1852లో గోథా నగరమున ఉపాధ్యాయుల మహాసభ జరిగెను. ఫ్రోబెల్ ప్రవేశించినంతనే సభ యంతయు లేచి నిలిచెను. కొలది దినములకే, జూన్ 21వ తేదీన, మారియెన్‌థాల్ గృహమున డెబ్బదియవ యేట ఆయన కన్నుమూసెను. నిషేధము తొలగుటను ఆయన చూడలేదు. ష్వైనా గ్రామమున ఆయన సమాధిపై శిలాక్షరముల కంటె ముందు కంటబడునవి ఘనము, దానిపై స్తంభము, దానిపై గోళము: రెండవ కానుక.

స్వదేశమున నిషిద్ధమైన తోట పరదేశముల మొలకెత్తెను. దేశము విడిచిన జర్మనులు 1851లోనే లండనులో కిండర్‌గార్టెన్ తెరచిరి. 1856లో మార్గరెట్ షుర్జ్ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, 1860లో ఎలిజబెత్ పీబడీ బాస్టన్ నగరమున స్థాపించిరి. 1873లో సెయింట్ లూయిస్ నగరమున సూసన్ బ్లో దానిని ప్రభుత్వ పాఠశాలలో చేర్చెను. 1876 నాటికి టోక్యోలోను వెలసెను. ప్రష్యా నిషేధము 1860లో రద్దయ్యెను. భర్త కంటె ముప్పదిమూడేండ్లు చిన్నదగు లూయీ హాంబుర్గ్ నగరమున యువతులకు శిక్షణ నిచ్చుచు, 1900 సంవత్సరము వరకు జీవించియుండెను.