అల్ఫోన్స్ పెనో

అల్ఫోన్స్ పెనో (మే 31, 1850 - అక్టోబరు 22, 1880) ఫ్రాన్సు దేశానికి చెందిన విమానశాస్త్ర మార్గదర్శకుడు. పురిపెట్టిన రబ్బరు శక్తితో, ఎవరి నియంత్రణా లేకుండా నిలకడగా ఎగిరే నమూనా విమానాన్ని 1871లో ప్రదర్శించాడు. మనిషిని మోస్తూ అదుపులో ఎగిరే ఇంజను విమానం రావడానికి అప్పటికింకా ముప్పై రెండేళ్ళు ఉంది. నేడు హైదరాబాదులోనైనా మరెక్కడైనా రేడియో నియంత్రిత నమూనా విమానాలను ఎగురవేయడం కొత్తగా నేర్చుకొనేవారికి మొదట ఇచ్చే శిక్షణ విమానంలో పనిచేసేది పెనో చూపిన స్థిరత్వ సూత్రమే.

బాల్యము

పెనో పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి ఫ్రెంచి నౌకాదళంలో అడ్మిరల్. కుమారుడు కూడా నౌకాదళంలో చేరవలసినవాడే గాని, తుంటి ఎముక వ్యాధి వలన ఆ దారి మూసుకుపోయింది. నడవడానికి ఊతకర్రలు అవసరమైన ఈ యువకుడు తన దృష్టిని గగనయానం వైపు మళ్ళించాడు.

రబ్బరు పురి

ఎగిరే బొమ్మలు పెనోకు ముందు కూడా ఉన్నాయి. 1784లో లానోయ్, బియాన్వెన్యూ అనే ఇద్దరు ఫ్రెంచివారు విల్లు బిగువుతో తిరిగే బొమ్మ హెలికాప్టరును చేశారు. విల్లు బరువు ఎక్కువ, అది ఇచ్చే శక్తి తక్కువ. 1870లో పెనో విల్లును తీసివేసి, పురిపెట్టిన రబ్బరు పోగులను అమర్చాడు. చేత్తో తిప్పి వదలితే బొమ్మ పైకి లేచి కొంతసేపు గాలిలో నిలిచేది. ఈ మార్పు చూడడానికి చిన్నది. కానీ తేలికైన, చవకైన, ఎవరైనా ఇంట్లో అమర్చుకోగల చోదకశక్తి దీనితో దొరికింది. పిల్లల రబ్బరు విమానాలు నేటికీ ఈ విధంగానే ఎగురుతున్నాయి.

ప్లానోఫోర్

ఆగస్టు 18, 1871న పారిస్‌లోని ట్యూలరీ ఉద్యానవనంలో, గగనయాన సంఘ సభ్యుల ఎదుట, పెనో ప్లానోఫోర్ అనే నమూనాను ఎగురవేశాడు. దాని రెక్కల వెడల్పు సుమారు 45 సెంటీమీటర్లు, మొత్తం బరువు 16 గ్రాములు. అందులో రబ్బరు బరువు 5 గ్రాములు. ప్రొపెల్లరు వెనుక భాగంలో ఉండేది. అది 11 సెకన్లపాటు ఎగిరింది.

ఈ 11 సెకన్లను తక్కువగా చూడరాదు. అంతవరకు చేసిన నమూనాలలో చాలావాటికి ఎగరడం కన్నా నిలకడగా ఎగరడమే కష్టమైంది. ముక్కు పైకి లేచి వెనక్కు పడిపోవడమో, ఒక ప్రక్కకు ఒరిగి బోల్తా కొట్టడమో జరిగేది. గాలిపటానికి సూత్రం కట్టడంలో కొద్దిపాటి తేడా వస్తే ఏమవుతుందో సంక్రాంతి రోజులలో మన పిల్లలందరూ ఎరుగుదురు. గాలిపటానికైతే కనీసం దారం ఉంది. పెనో నమూనాకు అదీ లేదు.

ఆయన రెండు ఏర్పాట్లు చేశాడు. మొదటిది, తోక దగ్గరి చిన్న రెక్కను ప్రధాన రెక్క కంటే తక్కువ కోణంలో, ముందు అంచు కాస్త క్రిందికి ఉండేలా అమర్చడం. ముక్కు క్రిందికి దిగితే వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే గాలి తోకను మరింత బలంగా క్రిందికి నెడుతుంది, దానితో ముక్కు తిరిగి పైకి లేస్తుంది. ముక్కు మరీ పైకి లేస్తే వేగం తగ్గి దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. రెండవది, రెక్కల కొసలను పైకి వంచడం. విమానం ఒక ప్రక్కకు ఒరిగి జారినప్పుడు, క్రిందికి దిగిన రెక్క గాలిని ఎక్కువ కోణంలో ఎదుర్కొని ఎక్కువ బలంతో పైకి లేస్తుంది. ఇంగ్లండుకు చెందిన జార్జి కేలీ ఈ భావాలను అంతకు చాలాకాలం ముందే వ్రాసి ఉన్నాడు. అయితే వాటిని తనంతట తానుగా కనుగొని, ఇంజను శక్తికి బదులు రబ్బరుతో అందరూ చూసేలా నిరూపించినవాడు పెనో.

1876 పేటెంటు

పాల్ గోషో అనే యంత్రనిపుణుడితో కలిసి 1876లో పెనో ఒక పూర్తిస్థాయి విమానానికి పేటెంటు పొందాడు. నేలమీద, నీటిమీద కూడా దిగగలది. రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురు దిశలలో తిరుగుతాయి. చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. చోదకుడు గాజు కప్పు క్రింద కూర్చొని ఒకే మీటతో ఎలివేటర్లను, రడ్డరును కదిలిస్తాడు. రేడియో విమానాల ట్రాన్స్‌మిటరుపై బొటనవేలితో కదిపే పుల్లకు ఈ మీటను పూర్వరూపమనవచ్చు.

ఈ విమానం నిర్మాణం కాలేదు. దానికి తగినంత తేలికైన ఇంజను ఆనాడు ప్రపంచంలోనే లేదు. ధనసహాయం దొరకలేదు, పైగా పరిహాసం ఎదురైంది. ఆరోగ్యం మరింత క్షీణించింది. ఆవిరి ఇంజను గల గాలినౌకతో ప్రసిద్ధుడైన అన్రీ జిఫార్‌ను ఆశ్రయించినా ఫలితం లేకపోయింది. పెనో తన చిత్రపటాలను చిన్న శవపేటికవంటి పెట్టెలో పెట్టి జిఫార్ ఇంటికి చేర్చి, 1880 అక్టోబరులో ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి వయస్సు ముప్పై సంవత్సరాలు మాత్రమే.

రైట్ సోదరులు

పెనో జీవించి ఉండగానే, 1878లో, అమెరికాలో మిల్టన్ రైట్ అనే మతాచార్యుడు పెనో తరహా రబ్బరు హెలికాప్టరు బొమ్మను ఇంటికి తెచ్చి పిల్లలకిచ్చాడు. విల్బర్‌కు పదకొండేళ్ళు, ఆర్విల్‌కు ఏడేళ్ళు. బొమ్మ విరిగిపోగా వారే మళ్ళీ చేసుకున్నారు. పెద్దవిగా చేసినవి మాత్రం సరిగా ఎగరలేదు. తమ ఆసక్తికి ఈ బొమ్మే మూలమని తరువాత వారు చెప్పుకున్నారు. ఆసక్తికరమైన సంగతేమంటే, డిసెంబరు 17, 1903న ఎగిరిన వారి విమానానికి పెనో కోరిన స్వయంస్థిరత్వం లేదు. చోదకుడే ప్రతి క్షణం సరిదిద్దుతూ ఉండాలన్నది వారి పద్ధతి.

కొత్తగా నేర్చుకొనేవారికి

రేడియోతో దూరంనుండి వాహనాన్ని నడపడాన్ని నికోలా టెస్లా 1898లో న్యూయార్కులో పడవతో చూపించాడు. నమూనా విమానాన్ని రేడియోతో ఎగురవేయడంలో 1937లో అమెరికాకు చెందిన వాల్టర్, విలియం గుడ్ సోదరులు విజయం సాధించారు.

నేటి శిక్షణ నమూనాకు రెక్క శరీరం పైభాగాన ఉండి, కొసలు కొద్దిగా పైకి లేచి ఉంటాయి. కొత్తవారిని అన్నిటికన్నా తికమక పెట్టేది దిశ. విమానం మనవైపు వస్తున్నప్పుడు దాని కుడి మనకు ఎడమ అవుతుంది. కంగారులో పుల్లను తప్పు వైపు నెట్టితే నేలకూలుతుంది. తగినంత ఎత్తు ఉన్నప్పుడు పుల్లలను వదలివేస్తే చాలు, ఇటువంటి నమూనా చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది.

1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైననాటికి మాదాపూరు, గచ్చిబౌలి పరిసరాలలో బండరాళ్ళు, ఖాళీ భూములే ఎక్కువ. ఇప్పుడు అక్కడ అంతా ఆకాశహర్మ్యాలు. కనుక ఈ విద్యను ఇళ్ళ మధ్య కాక, ముందుగా కంప్యూటరుపై సిమ్యులేటరుతోను, తరువాత నగరం వెలుపలి విశాలమైన మైదానంలో అనుభవజ్ఞుని ప్రక్కన నిలబడి నేర్చుకోవాలి. 2021 డ్రోన్ నియమాలు గగనతలాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విభజించాయి. చోటు ఏ మండలంలోనిదో ముందే చూసుకోవాలి. చేయి కుదిరినవారు తరువాత రెక్క శరీరం క్రిందిభాగాన, వంపు లేకుండా ఉండే నమూనాలకు మారుతారు. అవి పెనో విమానం వలె తమంతట తాము సర్దుకోవు.