వాల్ట్ డిస్నీ

అమెరికా దేశమున, కాలిఫోర్నియా రాష్ట్రమునందు, లాస్ ఏంజెలిస్ మహానగరమునకు ఆగ్నేయముగా సుమారు 25 మైళ్ళ దూరమున అనహైమ్ అను పట్టణము కలదు. ఒకప్పుడు ఆ ప్రాంతము నారింజ తోటలకు ప్రసిద్ధి. నేడు అచ్చటి డిస్నీలాండ్ అను వినోదోద్యానమును చూచుటకు దూరప్రాంతములనుండి కుటుంబములు కార్లలో తరలి వచ్చుచుండును. వచ్చువారు పసిపిల్లలు మాత్రమే కారు. పెరిగి పెద్దవారైన కుమారులు, కుమార్తెలు, వారితోకూడ వృద్ధులగు తలిదండ్రులును వచ్చుచుందురు. పెద్దలును పిన్నలును కలిసి ఆనందింపదగిన చోటు ఒకటి ఉండవలెనని తలచి, ఆ ఉద్యానమును నిర్మించినవాడు వాల్ట్ డిస్నీ.

వాల్ట్ 1901వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన చికాగో నగరమున జన్మించెను. తండ్రి ఇలయాస్, తల్లి ఫ్లోరా. వారి నలుగురు కుమారులలో ఇతడు కడపటివాడు. ఇతని తరువాత ఒక చెల్లెలు కలదు. 1906లో ఆ కుటుంబము మిస్సోరీ రాష్ట్రమున మార్సెలీన్ అను చిన్న ఊరు చేరి వ్యవసాయము సాగించెను. అచ్చటి పశువులు, చెట్లు, ఊరిమీదుగా పోవు రైలుబండ్లు బాలుని మనస్సును హరించెను. కాని తండ్రి జబ్బుపడుటచే పొలము అమ్మివేయవలసి వచ్చెను. 1911లో వారు కాన్సస్ సిటీ నగరమునకు తరలిపోయిరి.

అచ్చట తండ్రి వార్తాపత్రికలు పంచు పనిని చేపట్టెను. వాల్టును, అన్నయగు రాయ్‌యును తెల్లవారకమున్నే లేచి, మంచు కురియుచున్నను లెక్కసేయక ఇంటింటికి పత్రికలు చేరవేసెడివారు. ఈ పనికి తండ్రి వాల్టునకు కూలి యేమియు ఇచ్చెడివాడు కాడు. ఆ యింట ఆటవస్తువులు కొనుటకు ధనము లేదు. కలవారి ఇండ్ల వసారాలలో పిల్లలు రాత్రి విడిచిపోయిన బొమ్మలు కనబడినచో, వాల్ట్ ఆ చీకటిలో వానితో కొంతసేపు ఆడుకొని, మరల వానిని ఉన్నచోటనే ఉంచి తన దారిని పోయెడివాడు.

చిన్ననాటినుండియు వాల్టునకు చిత్రలేఖనమునందు మక్కువ మెండు. పెరిగి పెద్దవాడైన పిదప కాన్సస్ సిటీలో కార్టూను చిత్రములు తీయు సంస్థ నొకదానిని స్థాపించెను. 1923లో అది దివాలా తీసెను. ఆయన అధైర్యపడక, 40 డాలర్లు మాత్రము జేబులో పెట్టుకొని హాలీవుడ్ చేరెను. ఆ సంవత్సరమే అన్న రాయ్‌తో కలిసి క్రొత్త సంస్థను ప్రారంభించెను. తమ్ముడు కలలు కనువాడు. అన్న లెక్కలు చూచువాడు. ఈ పొత్తు జీవితాంతము నిలిచెను. 1925లో వాల్ట్ తన సంస్థలో పనిచేయుచున్న లిలియన్ అను యువతిని వివాహమాడెను.

1928లో మరియొక దెబ్బ తగిలెను. తాను సృష్టించిన కుందేలు బొమ్మపై హక్కు తనది కాదని పంపిణీదారుతో తగవు వచ్చినప్పుడు తెలిసెను. చిత్రకారులలో పెక్కుమంది ఆయనను విడిచిపోయిరి. ఆ కష్టకాలముననే మిక్కీ మౌస్ అను ఎలుక బొమ్మ పుట్టెను. ఆ సంవత్సరమే నవంబరు 18వ తేదీన న్యూయార్కు నగరమున ప్రదర్శింపబడిన స్టీమ్‌బోట్ విల్లీ అను శబ్దచిత్రముతో దాని కీర్తి నలుదిక్కుల వ్యాపించెను. 1937లో స్నో వైట్ కథను పూర్తి నిడివి గల కార్టూను చిత్రముగా తీసి డిస్నీ లోకమును అబ్బురపరచెను. అయినను ఆయన జీవితమున అన్నియు విజయములే కావు. 1941లో ఆయన సంస్థలోని చిత్రకారులు సమ్మె చేసిరి. నాటినుండి ఆయనకును పనివారికిని నడుమ పూర్వపు చనువు తగ్గెను.

డిస్నీకి ఇరువురు కుమార్తెలు. డయాన్ 1933లో జన్మించెను. 1936వ సంవత్సరపు చివర పుట్టిన షారన్‌ను ఆ దంపతులు పెంచుకొనిరి. పని యెంత యున్నను సెలవుదినములందు డిస్నీ ఆ బాలికలను వెంటబెట్టుకొని విహారమునకు పోయెడివాడు. లాస్ ఏంజెలిస్ నగరమునందలి గ్రిఫిత్ పార్కులో ఒక రంగులరాట్నము కలదు. బాలికలు దానిపై తిరుగుచుండగా, తండ్రి ప్రక్కనున్న బల్లపై కూర్చుండి వేరుసెనగ కాయలు తినుచు వారిని చూచుచుండెడివాడు. పిల్లలకు రాట్నము, పెద్దలకు బల్ల! ఈ విభజనము ఆయనకు నచ్చలేదు. పైగా నాటి వినోదస్థలములు పెక్కులు మురికిగా నుండెడివి. తలిదండ్రులును బిడ్డలును చేయి చేయి పట్టుకొని తిరుగదగిన పరిశుభ్రమైన చోటు ఎందుకు ఉండరాదని ఆయన ఆలోచింపసాగెను.

ఆలోచన కార్యరూపము దాల్చుటకు పెక్కేండ్లు పట్టెను. 1948లో డిస్నీ తన స్టూడియో చెంత ఒక చిన్న ఉద్యానమును నిర్మింపవలెనని పథకము వ్రాసికొనెను. తరువాత బర్బ్యాంక్ నగరపాలకులు దానికి సమ్మతింపలేదు. 1950లో తన యింటి తోటయందే చిన్న ఆవిరి రైలును నడిపి, దాని ఇంజనుకు భార్య పేరు వచ్చునట్లు లిల్లీ బెల్ అని నామకరణము చేసెను. 1951లో డెన్మార్కు దేశమునందలి టివోలీ ఉద్యానమును దర్శించి, దాని శుభ్రతకును దీపశోభకును ముగ్ధుడయ్యెను. తుదకు నిపుణులు పరిశోధించి అనహైమ్ ప్రాంతమును సూచించిరి. లాస్ ఏంజెలిస్ నుండి ఆ దిక్కుగా విశాలమైన క్రొత్త రహదారి పడుచుండెను. ఆ రహదారిమీదనే రేపు కుటుంబములు కార్లలో రాగలవు. అచ్చట 160 ఎకరముల తోటలు కొనబడెను.

ధనము చాలలేదు. సంస్థ ధనమును ఇట్టి పనికి వెచ్చించుటకు రాయ్ మొదట సంశయించెను. డిస్నీ తన జీవిత బీమాపై అప్పు తెచ్చెను. అప్పుడు రాయ్ కూడ ముందుకు వచ్చి ఏ.బి.సి. టెలివిజన్ సంస్థతో ఒడంబడిక కుదిర్చెను. డిస్నీ ఆ సంస్థకు వారము వారము ఒక కార్యక్రమమును తయారుచేసి ఇయ్యవలెను. ఆ సంస్థ ఉద్యానమునకు పెట్టుబడి పెట్టవలెను. 1954 జూలైలో పని మొదలై ఒక్క సంవత్సరములో ముగిసెను. అయిన వ్యయము 1 కోటి 70 లక్షల డాలర్లు.

కాలము ఎవరికొఱకును ఆగదు. రంగులరాట్నమెక్కిన బాలికలు అప్పటికి పెద్దవారైరి. డయాన్ 1954లో వివాహమాడి, ఆ యేడే ఒక కుమారుని తల్లియయ్యెను. ఎవరిని చూచి తండ్రి ఈ కల గనెనో, వారి బాల్యము అది నెరవేరకమున్నే గడచిపోయెను. 1955 జూలై 13వ తేదీన, ఉద్యానము తెరచుటకు నాలుగు దినములు ముందుగా, డిస్నీ దంపతులు తమ పెండ్లియైన ముప్పదియేండ్ల వేడుకను అచ్చటనే జరుపుకొనిరి. రాత్రి ప్రొద్దుపోయిన పిదప డయాన్ కారు నడుపుచు తండ్రిని ఇంటికి తీసికొనిపోయెను. వెనుక కూర్చున్న ఆ తాతగారు ఉద్యానపు పటము నొకదానిని బూరవలె చుట్టి, చిన్న బాలునివలె ఊదుచు, ఊదుచునే నిద్రపోయెను. ఒకనాడు తండ్రి చేయి పట్టుకొని విహారమునకు పోయిన బిడ్డయే ఆ రాత్రి తండ్రిని ఇల్లు చేర్చెను.

జూలై 17వ తేదీన ఉద్యానము తెరవబడెను. ఆ దినము కష్టములు చుట్టుముట్టెను. దొంగ ఆహ్వానపత్రములతో జనులు చొరబడగా సుమారు 28,000 మంది క్రిక్కిరిసిరి. ఎండవేడికి క్రొత్తగా వేసిన తారు మెత్తబడి స్త్రీల పాదరక్షల మడమలు దానిలో దిగబడెను. కొళాయి పనివారి సమ్మెచే త్రాగునీటి కొళాయిలు చాలలేదు. పత్రికలు నిందించినవి. డిస్నీ కోపింపక, దాగుకొనక, లోపములను ఒక్కొక్కటిగా సరిదిద్దించెను. ఏడు వారములలో పది లక్షల మంది ఆ ఉద్యానమును చూచిరి. అందలి అగ్నిమాపక కేంద్రముపై డిస్నీ కుటుంబమునకు చిన్న వసతి కలదు. అచ్చట విడిసినప్పుడు ఆయన వచ్చిపోవువారిని కిటికీనుండి చూచుచుండెడివాడు. ఆయన స్మృతికై ఆ కిటికీలో నేటికిని ఒక దీపము వెలుగుచున్నది.

పిమ్మట ఫ్లోరిడా రాష్ట్రమున ఇంతకంటె ఎంతో విశాలమైన ఉద్యానమును నిర్మింప తలపెట్టి, అది పూర్తికాకమున్నే 1966 డిసెంబరు 15వ తేదీన ఊపిరితిత్తుల క్యాన్సరుచే డిస్నీ మరణించెను. పెక్కేండ్లుగా ఆయన పొగత్రాగుటకు అలవాటుపడినవాడు. విశ్రాంతి గోరుచున్న రాయ్, తమ్ముని కోర్కె తీర్చుటకై మరల నడుము బిగించెను. 1971 అక్టోబరు 1వ తేదీన ఆ ఉద్యానము తెరవబడినప్పుడు దానికి వాల్ట్ డిస్నీ వరల్డ్ అని తమ్ముని పూర్తి పేరే పెట్టించెను. రెండు మాసములు గడచి కొన్ని దినములకే రాయ్ కన్నుమూసెను. తండ్రి జీవితమును తెలుపు ప్రదర్శనశాలను డయాన్ 2009లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున నెలకొల్పెను.

బొమ్మలు లేని బాల్యము ఆ మహనీయుని హృదయమును కఠినపరచలేదు. తనకు లేని ఆటను అందరకు పంచవలెననియే ఆయన తలచెను. బిడ్డలు పెరిగినంత మాత్రమున తలిదండ్రులతో వారి ఆట ముగియదని ఆయన నిర్మించిన ఉద్యానము తెలుపుచున్నది.