రెండు చెవులకు పాట వినిపించిన ఆలన్ బ్లూమ్‌లీన్

ఈ నెల గోడపత్రికలో ఒక సౌండ్ ఇంజనీరు గారి జీవితం రాస్తున్నాను. ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానో చివర్లో చెప్తాను.

ఆలన్ బ్లూమ్‌లీన్ 1903 జూన్ 29న లండన్ నగరంలో పుట్టారు. ఏడేళ్ళప్పుడు ఇంట్లో కాలింగ్ బెల్లు పాడైతే తానే బాగుచేసి, వాళ్ళ నాన్నకి బిల్లు రాసిచ్చారట! కింద ఎలక్ట్రికల్ ఇంజనీరు అని సంతకం కూడా పెట్టారట. లెక్కలు బాగా వచ్చేవి గానీ, పన్నెండేళ్ళు వచ్చేదాకా సరిగ్గా చదవడం రాలేదని చెప్తారు. అయినా పట్టు విడవకుండా ఇంజనీరింగు చదివి, 1929లో కొలంబియా గ్రాఫోఫోను కంపెనీలో చేరారు. 1931లో ఆ కంపెనీ ఇంకొక కంపెనీతో కలిసి ఇ.ఎం.ఐ. అయ్యింది.

ఆ సంవత్సరమే ఆయన డోరీన్ గారితో సినిమాకి వెళ్ళారు. తెర మీద మనిషి ఈ పక్క నుండి ఆ పక్కకి పోతున్నా, మాట మాత్రం ఒకే చోట నుండి వస్తోంది. దీన్ని సరిచేసే దారి తనకు తెలుసని ఆమెతో అన్నారట. 1931 డిసెంబరు 14న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. అదే స్టీరియో.

ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు. కళ్ళు మూసుకున్నా పిలుపు ఏ పక్క నుండి వచ్చిందో మనకి తెలుస్తుంది, ఎందుకంటే మనకి రెండు చెవులున్నాయి. అలాగే ఆయన రెండు మైకులు పెట్టి, గ్రామఫోను రికార్డులో ఒకే గాడికి ఉండే రెండు గోడల మీద రెండు ధ్వనులు ఎక్కించారు. వినేటప్పుడు రెండు స్పీకర్లు. 1934లో ఆబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ గారి వాద్యబృందాన్ని ఇలా రికార్డు చేశారు. కానీ స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చేసరికి 1950లు అయిపోవస్తున్నాయి. అప్పటికి ఆయన లేరు.

1933లో డోరీన్ గారిని పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరు కొడుకులు. యుద్ధకాలంలో, రాత్రిపూట విమానం నుండి నేలను చూపించే రాడార్ మీద పనిచేశారు. 1942 జూన్ 7న దాన్ని పరీక్షిస్తుండగా విమానం ఇంజనుకు మంటలంటుకుని కూలిపోయింది. లోపలున్న 11 మందీ చనిపోయారు. ఆయన వయసు 38 ఏళ్ళే. ఇంజనులో ఒక నట్టు సరిగ్గా బిగించకపోవడమే కారణమని విచారణలో తేలింది. రాడార్ రహస్యం కాబట్టి ఆయన మరణవార్తను కూడా చాలాకాలం బయటపెట్టలేదు. అప్పటికే ఆయన పేరున 128 పేటెంట్లున్నాయి.

ఇప్పుడు నా సంగతి. మా ఇంట్లో కోయ మాట్లాడతాం. ఆరో తరగతిలో ఇక్కడ చేరినప్పుడు నాకు తెలుగు పాఠం చదవడం రాలేదు. లేచి నిలబడితే అందరూ నవ్వేవాళ్ళు. ఇంటికి పారిపోదామని పెట్టె కూడా సర్దుకున్నాను. పదో తరగతి అన్న ఒకరు రోజూ స్టడీ అవర్ అయ్యాక కూర్చోబెట్టి చదివించబట్టి ఆగాను. మొన్న జెండా పండుగకి మైకు వైరు తెగితే నేనే కలిపాను.

మిత్రులారా, ఈ సంవత్సరం ఆరో తరగతి తమ్ముళ్ళలో కొందరికి ఇంకా చదవడం రావట్లేదు. దయచేసి నవ్వకండి. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. వాళ్ళలో ఎవరి చేతిలో ఏ విద్య ఉందో మనకేం తెలుసు?

ఇట్లు,
మీ తోటి విద్యార్థి, 9వ తరగతి