ఎలిజబెత్ జిమ్మర్మన్

ఎలిజబెత్ జిమ్మర్మన్ (ఆగష్టు 9, 1910 - నవంబరు 30, 1999) ఇంగ్లాండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన చేతి అల్లిక నిపుణురాలు, ఉపాధ్యాయిని మరియు రచయిత్రి. స్వెట్టరు ఒంటికి సరిగా అమరాలంటే అచ్చులో వచ్చిన సూచనల కంటె అల్లేవారి చేతి బిగువే ముఖ్యమని బోధించి, అందుకు తగిన సులభమైన లెక్కను రూపొందించినందుకు ఈమె ప్రసిద్ధి చెందింది.

బాల్యము, వలస

ఈమె పుట్టింటి పేరు ఎలిజబెత్ లాయిడ్-జోన్స్. తండ్రి బ్రిటిష్ నౌకాదళ అధికారి. బాల్యంలోనే ఊలు దారాన్ని కుడిచేత పట్టే ఆంగ్ల పద్ధతినీ, ఎడమచేత పట్టే ఐరోపా పద్ధతినీ నేర్చుకొన్నది. స్విట్జర్లాండులోని లాసాన్‌లోను, జర్మనీలోని మ్యూనిక్‌లోను చిత్రకళ అభ్యసించింది. బీరు తయారీలో నిపుణుడైన ఆర్నాల్డ్ జిమ్మర్మన్ అనే జర్మన్‌ను వివాహమాడింది. హిట్లరును నిందిస్తూ మాట్లాడినందువలన ఆయన జర్మనీ విడిచి రావలసి వచ్చింది. దంపతులు 1937లో అమెరికా చేరారు. కొన్ని ఊళ్ళు మారిన తరువాత విస్కాన్సిన్ రాష్ట్రంలో స్థిరపడి, పిట్స్‌విల్ సమీపంలో ఒకప్పటి బడి భవనాన్ని నివాసంగా చేసుకొన్నారు. వీరికి ముగ్గురు సంతానం.

బిగువు సమస్య

అల్లికలో ఒక అంగుళం వెడల్పులో ఎన్ని కుట్లు పడతాయన్నదే బిగువుకు కొలత. ఒకే ఊలు, ఒకే సూదులు ఇచ్చినా ఇద్దరి చేతి బిగువు ఒకటిగా ఉండదు. ఉదాహరణకు అంగుళానికి 5 కుట్ల లెక్కన 40 అంగుళాల చుట్టుకొలత గల స్వెట్టరుకు 200 కుట్లు కావాలి. అల్లేవారి చేతిలో అంగుళానికి 5½ కుట్లు పడితే అవే 200 కుట్లు సుమారు 36 అంగుళాలకే సరిపోతాయి. 4½ కుట్లే పడితే 44 అంగుళాలు దాటుతాయి. అర కుట్టు తేడా వలన వారాల తరబడి చేసిన శ్రమ వృథా కావచ్చును. సామాన్యంగా ఈ దోషం స్వెట్టరు పూర్తయిన తరువాతనే బయటపడుతుంది.

జిమ్మర్మన్ సూచించిన పరిష్కారము

దారాన్ని బలవంతంగా బిగించి లేదా వదులు చేసి అచ్చులోని అంకెను అందుకోవాలని ప్రయత్నించడం తగదని ఈమె బోధించింది. చేయి సహజంగా అల్లినట్లే అల్లాలి. కుట్లు ఎక్కువ పడితే లావు సూదిని, తక్కువ పడితే సన్న సూదిని తీసుకోవాలి. ముందుగా ఒక నమూనా అల్లి, దానిపై కుట్లను జాగ్రత్తగా లెక్కించాలి. ఇందుకు ఒక టోపీని అల్లడం మంచిదని ఈమె సలహా. ఆ టోపీ తరువాత వాడుకకూ పనికివస్తుంది.

గుండ్రంగా అల్లడాన్ని ఈమె విశేషంగా ప్రోత్సహించింది. ముందుకూ వెనుకకూ తిప్పి అల్లేటప్పుడు ఒక వరుస బిగువుగాను, మరొక వరుస వదులుగాను రావడం చాలామందికి అనుభవం. గుండ్రంగా అల్లినపుడు ఎల్లప్పుడూ మంచివైపే ఎదురుగా ఉంటుంది కనుక సాదా అల్లికలో ఈ తేడా రాదు. గుండ్రని వస్త్రానికి నమూనాను కూడా గుండ్రంగానే అల్లాలనడానికి కారణం ఇదే.

శాతాల పద్ధతి

అంగుళానికి పడే కుట్లను కావలసిన ఛాతీ చుట్టుకొలతతో గుణించగా వచ్చే సంఖ్యను ఈమె మూలసంఖ్యగా గ్రహించింది. మిగిలిన కొలతలన్నీ అందులో శాతాలే. మూలసంఖ్య 200 అయితే మణికట్టు వద్ద 20 శాతం, అనగా 40 కుట్లు. భుజం వద్ద చేతికి దాదాపు మూడవ వంతు, అనగా 66. చంకలో 8 శాతం, అనగా 16. మెడకు 40 శాతం, అనగా 80 కుట్లు. ఈ అంకెలలో కొన్నింటిని తరువాతి కాలంలో సవరించింది. ఈ లెక్క తెలిసినవారు పసిబిడ్డ మొదలు పెద్దవారి వరకు, సన్న ఊలుతోనైనా లావు ఊలుతోనైనా, అచ్చు సూచనలు లేకుండానే స్వెట్టరు అల్లుకొనగలరు.

ప్రచురణలు, బోధన

1950లలో ఈమె గుండ్రంగా అల్లిన స్వెట్టరు సూచనలను పత్రికా సంపాదకులు ముక్కలుగా అల్లి కుట్టే విధానంలోకి మార్చి ప్రచురించారు. తన విధానపు సారమే పోయినందున ఈమె 1958లో సొంతంగా వార్తాలేఖను, తరువాత స్కూల్‌హౌస్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థను ప్రారంభించింది. 1960లలో విస్కాన్సిన్ టెలివిజన్‌లో అల్లిక పాఠాలు చెప్పింది. 1974 నుండి అల్లిక శిబిరాలు నిర్వహించింది.

నిట్టింగ్ వితవుట్ టియర్స్ (1971), నిట్టర్స్ ఆల్మనాక్ (1974), నిట్టింగ్ వర్క్‌షాప్ (1981), నిట్టింగ్ అరౌండ్ (1989) ఈమె ముఖ్య గ్రంథాలు. ఈమె రూపొందించిన పై శాలువలో కేంద్రం నుండి దూరం రెట్టింపయినప్పుడల్లా కుట్లను రెట్టింపు చేస్తారు. వ్యాసార్ధం రెట్టింపయితే వృత్త పరిధి కూడా రెట్టింపవుతుందన్న బడి గణితమే దీనికి ఆధారం.

ఈమె 1999లో విస్కాన్సిన్‌లోని మార్ష్‌ఫీల్డ్‌లో మరణించింది. సంస్థ బాధ్యతను కుమార్తె మెగ్ స్వాన్సెన్ చేపట్టింది.