విద్యాదాత్రి పొణకా కనకమ్మ

పెన్నానది సముద్రంలో సంగమించే నెల్లూరు సీమకు ధాన్యసమృద్ధి వల్లను, తిక్కన సోమయాజి వంటి కవీశ్వరుల వల్లను ఏనాటి నుండో కీర్తి ఉన్నది. అయితే ఆ సీమలోని స్త్రీలకు అక్షరం అందిన చరిత్ర మాత్రం అంత పాతది కాదు. ఆ చరిత్రలో ముందుగా చెప్పుకొనవలసిన పేర్లలో శ్రీమతి పొణకా కనకమ్మగారి పేరు ఒకటి. తాను బడి ముఖం చూడని ఒక బాలిక, పెరిగి పెద్దదై, తరతరాల బాలికలకు బడి తలుపులు తెరిచిన వృత్తాంతమిది. మా కళాశాలలో ఉర్దూ చదివేవారికీ, తెలుగు చదివేవారికీ ఈ జీవితం సమానంగా పఠనీయమని తలచి, దానిని సంగ్రహంగా ఇక్కడ పొందుపరుస్తున్నాము.

కనకమ్మగారు 1892 జూన్ 10వ తేదీన నెల్లూరు జిల్లా మినగల్లు గ్రామంలో, సంపన్నులైన మరుపూరు వారి ఇంట జన్మించారు. ఆనాటి ఆచారం ప్రకారం పదేళ్లయినా నిండకముందే మేనమామ పొణకా సుబ్బరామిరెడ్డిగారితో వివాహం జరిగింది. నెల్లూరుకు సమీపాన ఉన్న పోట్లపూడి ఆమెకు మెట్టినిల్లయింది. బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం 1929లో గాని రాలేదు. 1901 జనాభా లెక్కల నాటికి దేశంలో వెయ్యిమంది స్త్రీలలో చదవను, వ్రాయను నేర్చినవారు పదిమందికి మించలేదు. పెద్ద రైతు కుటుంబంలో కోడలు గడప దాటటమే తప్పుగా ఎంచే రోజులవి. అటువంటి ఇంట మసలుకొంటూనే ఆమె స్వయంకృషితో తెలుగు, సంస్కృతం, హిందీ అభ్యసించారు. కవిత్వం వ్రాశారు. ఇంటికి వచ్చిన వారికి అన్నం పెట్టటంలో ఎంత శ్రద్ధ చూపారో, దొరికిన ప్రతి పుస్తకాన్నీ చదవటంలోనూ అంత శ్రద్ధ చూపారు.

తాను నేర్చినది తనతోనే ఉంచుకొనటం ఆమె స్వభావం కాదు. యౌవనంలోనే పోట్లపూడిలో సుజనరంజనీ సమాజం, వివేకానంద గ్రంథాలయం నెలకొనటానికి ఆమె కారకురాలైనారు. పల్లెటూరిలో గ్రంథాలయమంటే అప్పట్లో సామాన్య విషయం కాదు. పత్రిక వస్తే, చదువు వచ్చిన ఒకరు చదువుతూ ఉంటే పదిమంది చుట్టూ కూర్చుండి వినేవారు. దేశంలో ఏమి జరుగుచున్నదో పల్లెకు ఆ విధంగానే తెలిసేది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం బెజవాడలో ఏర్పడిన 1914వ సంవత్సరం నాటికి ఇటువంటి చిన్న గ్రంథాలయాలు అనేక గ్రామాలలో మొలకెత్తి ఉన్నాయి.

తొలి దశలో కనకమ్మగారి మనస్సు విప్లవమార్గం వైపు మొగ్గింది. ఆయుధబలంతోనే తెల్లవారిని వెడలగొట్టగలమని నమ్మిన యువకుల పట్ల ఆమె సానుభూతి చూపారు. గాంధీమహాత్ముని ప్రభావం ఆమె దారిని మార్చింది. అప్పటి నుండి ఖద్దరు ధారణ, అస్పృశ్యతా నివారణ, స్త్రీవిద్య ఆమె జీవితవ్రతాలైనాయి.

నెల్లూరుకు దగ్గరగా, పెన్న ఒడ్డున ఉన్న పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమం వెలసింది. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య గార్లు ఆశ్రమ నిర్మాణానికి పూనుకొన్నారు. అందుకు సుమారు 13 ఎకరాల భూమిని సమకూర్చినది కనకమ్మగారు. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీజీ స్వయంగా వచ్చి ఆశ్రమాన్ని ప్రారంభించారు. భవనానికి కావలసిన ధనంలో 10,000 రూపాయలు దక్షిణాఫ్రికాలోని రుస్తుంజీ అనే పార్సీ వర్తకుడు ఇచ్చాడు. 1897లో డర్బనులో అల్లరిమూక గాంధీజీపై పడినప్పుడు ఆయనకు తన ఇంట ఆశ్రయమిచ్చిన ఉదారుడు ఇతడే. సముద్రాల కావల ఉన్న ఒక పార్సీ సోదరుని ధనం, పోట్లపూడి రెడ్డివారి కోడలు ఇచ్చిన నేల కలిసి పెన్న ఒడ్డున ఒక ఆశ్రమంగా నిలిచాయి. సత్కార్యానికి మతం, దేశం అడ్డుగోడలు కావని మనకు ఇంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు.

కనకమ్మగారి సేవలన్నింటిలోను మిన్న అయినది 1923లో ఆమె నెల్లూరులో స్థాపించిన శ్రీ కస్తూరిదేవి విద్యాలయం. కస్తూరిబా గాంధీ పేరున వెలసిన ఈ బాలికల పాఠశాలకు 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఇదే కాలానికి కొంచెం ముందు వెనుకలుగా దేశమంతటా ఇటువంటి ప్రయత్నాలే జరిగాయి. అలీగఢ్‌లో షేక్ అబ్దుల్లా, వహీద్ జహాన్ బేగం దంపతులు 1906లో ముస్లిం బాలికలకు బడి పెట్టారు. కలకత్తాలో రుకయ్యా సఖావత్ హుసేన్ 1911లో ఎనిమిది మంది బాలికలతో పాఠశాల ప్రారంభించారు. భాషలు వేరు, వేషాలు వేరు. అడ్డుపడిన లోకం మాత్రం అంతటా ఒకటే. ఆడపిల్లకు చదువెందుకన్న ప్రశ్నకు ఈ మహిళలందరూ వాదనతో గాక పాఠశాలలతో సమాధానం చెప్పారు.

1930లో ఉప్పు సత్యాగ్రహం దేశాన్ని ఊపివేసింది. ఉప్పు పండే నేల గల నెల్లూరు తీరానికి ఆ ఉద్యమం మరింత సన్నిహితమైనది. కనకమ్మగారు అందులో పాల్గొని శిక్ష పొంది, రాయవేలూరు మొదలైన జైళ్లలో గడిపారు. సంపన్న గృహిణి కారాగారంలో సామాన్య ఖైదీల నడుమ కాలం వెళ్లబుచ్చటం ఆనాటి బంధువర్గానికి మింగుడుపడని విషయం. ఉద్యమాల ఒడిదుడుకులలో విద్యాలయం కొంతకాలం మూతపడవలసి వచ్చింది. అయినా ఆమె దానిని విడిచిపెట్టలేదు. మరల తెరిపించారు.

రైతుల కష్టాలు కూడ ఆమె దృష్టిని దాటిపోలేదు. వెంకటగిరి జమీందారీలో రైతులు సాగించిన పోరాటానికి ఆమె అండగా నిలిచారు. నెల్లూరు వెంకటరామానాయుడుగారి ‘జమీన్ రైతు’ పత్రిక ఆవిర్భావంలోనూ ఆమె సహకారం ఉన్నది. స్వయంగా భూస్వామి కుటుంబానికి చెంది ఉండి రైతు పక్షాన నిలబడటం అందరికీ సాధ్యమయ్యే పని కాదు. మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చేవరకు ఆ పోరు కొనసాగింది.

ఇంతటి కార్యశీలికి దైవం పెట్టిన పరీక్ష కఠినమైనది. ఏకైక కుమార్తె వెంకటసుబ్బమ్మ కవయిత్రి, తల్లి ఆశయాలకు వారసురాలు. ఆమె చిన్న వయస్సులోనే కన్నుమూసింది. ఆస్తి కూడ క్రమంగా తరిగిపోయింది. పుత్రికాశోకంతో క్రుంగిన ఆ తల్లికి తిరువణ్ణామలైలోని రమణమహర్షి సన్నిధి ఊరట కలిగించింది. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మగారితో కలిసి ఆమె భక్తికవిత్వం రచించారు. అయితే దుఃఖం ఆమెను లోకానికి దూరం చేయలేదు. తన బిడ్డ పోయినా, పరుల బిడ్డలు చదువుకొనే విద్యాలయం నిలవాలని ఆమె చివరి వరకు పాటుపడ్డారు. 1963 సెప్టెంబరు 15వ తేదీన ఆమె పరమపదించారు. ఆమె వ్రాసి ఉంచిన స్వీయచరిత్ర ‘కనకపుష్యరాగం’ డాక్టర్ కాళిదాసు పురుషోత్తంగారి సంపాదకత్వంలో 2011లో గాని వెలుగు చూడలేదు. ఆమె వ్యాకులపాటు, ఆమె పట్టుదల రెండూ అందులో తెలియవస్తాయి.

ఈ జీవితం నుండి మనం గ్రహించవలసినదేమిటి? ధనం ఉన్నవారు ఒకమారు దానం చేసి తప్పుకొనటం లోకంలో తరచు చూసేదే. ధనం పోయిన తరువాత, ఆరోగ్యం సన్నగిల్లిన తరువాత, కన్నబిడ్డ దూరమైన తరువాత కూడ తాను నాటిన మొక్కకు నీరు పోయటం అరుదైన విషయం. విద్యాసంస్థను స్థాపించినవారి పేరు శిలాఫలకం మీద ఉంటుంది. కాని దానిని నిలబెట్టేది ఆ తరువాత సంవత్సరాల తరబడి సాగే సేవ. మన కళాశాల కార్యవర్గం వారికి ఈ సత్యం అనుభవంలోనిదే.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ ఇళ్లలో మొట్టమొదట కళాశాల మెట్లు ఎక్కినవారు మీలో అనేకులు ఉంటారు. మీ అమ్మమ్మలకు, నానీలకు దక్కని భాగ్యం మీకు దక్కింది. దాని వెనుక కనకమ్మగారి వంటి వారి త్యాగం ఉన్నది. ఆ ఋణం తీర్చుకొనే మార్గం ఒక్కటే. మీ వీధిలో బడికి వెళ్లని బాలిక ఒకతె ఉంటే, ఆమెకు మీరు నేర్చిన భాషలో, తెలుగులో గాని, ఉర్దూలో గాని, నాలుగక్షరాలు నేర్పండి. నెల్లూరులో నేటికీ బాలికలకు చదువు చెప్పుచున్న కస్తూరిదేవి విద్యాలయానికి, దానిని స్థాపించిన ఆ తల్లికి మేము సమర్పించగల నివాళి ఇదే.