వెంచి ఊరి ఆచార్యుడు, ఘానా ప్రధాని: డాక్టర్ కోఫీ అబ్రెఫా బుసియా

మన సంచికల్లో మన వీరుల గురించీ, మన పెద్దల గురించీ చదువుకుంటూనే ఉన్నాం. ఈసారి మాత్రం తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ సముద్రం దాటించి పశ్చిమ ఆఫ్రికాకు తీసుకుపోదామని అనుకున్నాం. అక్కడ ఘానా అనే దేశం ఉంది. తెల్లవాళ్ళ పాలనలో దాని పేరు గోల్డ్ కోస్ట్. ఆ దేశంలో పుట్టిన ఒకాయన తన జాతి పెద్దరికం మీదే పరిశోధన చేసి ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. తర్వాత విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, చివరకు దేశానికి ప్రధాని కూడా అయ్యారు. అధికారం ఎవరిది, దాన్ని ఎవరు ఇస్తారు, ఎవరు వెనక్కి తీసుకోవచ్చు అన్నది ఆయన జీవితమంతా చదివిన పాఠం. ఆ పాఠంలో ఆయనకే పరీక్ష వచ్చింది. అందుకే ఈ జీవితం మన పిల్లలకు చెప్పాలనిపించింది.

కోఫీ అబ్రెఫా బుసియా 1913 జూలై 11న వెంచి అనే ఊళ్ళో పుట్టారు. శుక్రవారం పుట్టిన మగపిల్లవాడికి అక్కడ కోఫీ అని పేరు పెడతారు. ఏ వారం పుడితే ఆ వారం పేరు రావడం అకాన్ ప్రజల ఆచారం. వెంచివాళ్ళు అకాన్‌లలో బోనో అనే శాఖకు చెందినవారు. అప్పట్లో వాళ్ళు అసాంతే కూటమిలో ఉండేవారు. అక్కడ వంశం తల్లి వైపు నుంచి లెక్క. బుసియాది వెంచి పెద్దల కుటుంబమే. అంటే ఊరి పంచాయితీలు, పెద్దల సభలు, పీఠం చుట్టూ జరిగే తంతులు ఆయన చిన్నప్పటి నుంచీ చూసినవే.

చదువు మొదట వెంచి మెథడిస్టు మిషన్ బడిలో, ఆపైన కేప్ కోస్ట్‌లోని ఎంఫాంట్సిపిమ్ పాఠశాలలో సాగింది. కుమాసిలోని వెస్లీ కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, అచిమోటాలో పాఠాలు చెప్పారు. ఉద్యోగం చేసుకుంటూనే సొంతంగా చదివి లండన్ విశ్వవిద్యాలయం నుంచి చరిత్రలో డిగ్రీ తెచ్చుకున్నారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి 1941లో తత్వశాస్త్రం, రాజనీతి, అర్థశాస్త్రం కలిసిన డిగ్రీ, 1947లో సామాజిక మానవశాస్త్రంలో డాక్టరేట్ పొందారు.

ఈ రెండు చదువుల మధ్య ఒక ఉద్యోగం ఉంది. 1942లో బ్రిటిష్ ప్రభుత్వం గోల్డ్ కోస్ట్ జిల్లా పాలనలోకి తొలిసారి ఇద్దరు ఆఫ్రికన్లను తీసుకుంది. వారిలో బుసియా ఒకరు. తన జాతి పెద్దల గొడవలు, తీర్పులు, వినతులు ఇప్పుడు ఆయనకు ప్రభుత్వ బల్ల వెనకనుంచి కనిపించాయి. అంతకుముందు బల్ల ముందు నిలబడ్డ కుటుంబం నుంచి వచ్చినవాడు కాబట్టి రెండు వైపులా ఏం జరుగుతోందో ఆయనకు తెలిసింది. ఆ అనుభవం ఆయన పరిశోధనలో బాగా కనిపిస్తుందని మా అభిప్రాయం.

ఆ పరిశోధన 1951లో పుస్తకంగా వచ్చింది. అసాంతే ప్రాంతపు ఆధునిక పాలనలో పెద్ద స్థానం ఏమిటన్నది దాని విషయం. దాంట్లో ఉన్న సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

అసాంతేలో పెద్ద కూర్చునేది చెక్కతో చెక్కిన పీఠం మీద. ఆ పీఠం పూర్వీకులది. పెద్ద దానికి సొంతదారు కాదు, కాపలాదారు. వంశంలోంచి ఎవరిని కూర్చోబెట్టాలో రాజమాత పేరు చెబుతుంది. పెద్దలు ఒప్పుకోవాలి, సామాన్య జనమూ ఒప్పుకోవాలి. పీఠమెక్కే రోజున ఆయనకు బహిరంగంగానే షరతులు వినిపిస్తారు. సలహా అడగకుండా ఏ పనీ చెయ్యకూడదన్నది వాటిలో ముఖ్యమైనది. మాట తప్పితే పీఠం నుంచి దించేస్తారు. ఊళ్ళో పదవీ పెత్తనమూ లేని యువజనానికి కూడా ఒక ప్రతినిధి ఉండేవాడు. వాళ్ళ కోపతాపాలను సభలో వినిపించడం అతని పని. పెద్దను దించాలన్న కదలిక చాలాసార్లు యువజనం నుంచే మొదలయ్యేది.

తెల్లవాళ్ళు వచ్చాక ఏమైంది? పెద్దను గుర్తించేది ప్రభుత్వం, జీతం, కోర్టు, ఖజానా ప్రభుత్వానివి. దాంతో పెద్ద చూపు జనం మీంచి జిల్లా అధికారి మీదికి మళ్ళింది. ఎక్కించినవాళ్ళు దించలేరు, దించగలిగినవాళ్ళు ఊరివాళ్ళు కారు. కోకో తోటల డబ్బు, కొత్త చదువులు, కొత్త మతాలు కూడా పాత కట్టును సడలించాయి. పెద్దరికం పేరు మిగిలింది, దానికి ఉన్న జవాబుదారీ తగ్గింది. ఇదీ బుసియా చూపించింది. మన ఏజెన్సీలో ముఠాదార్లకు తెల్లవాళ్ళు సన్నదులిచ్చి శిస్తు వసూలుకు పెట్టినప్పుడు ఏం జరిగిందో తెలిసినవాళ్ళకు ఈ మాట కొత్తగా ఉండదు.

ఇంకో సంగతి. సరిగ్గా ఆ 1940లలోనే మన ఆదిలాబాద్ గోండుల మధ్య హైమెన్‌డార్ఫ్ గారు ఉండి పరిశోధన చేశారు. ఆయన చేసిన మేలు మనం మరిచిపోలేదు. కానీ ఆయన బయటినుంచి వచ్చిన పండితుడు. బుసియా తన సొంత జాతి గురించి తానే రాశారు. అప్పటి మానవశాస్త్రంలో ఇది చాలా అరుదు. మన పిల్లలు ఎవరైనా ఆ శాస్త్రం చదవాలనుకుంటే ఈ పేరు గుర్తుపెట్టుకోవాలి.

1947 తర్వాత ఆయన సెకొండి-తకొరాడి అనే ఓడరేవు, రైల్వే పట్టణంలో సర్వే చేశారు. కూలి ఎంత, అద్దె ఎంత, ఒక గదిలో ఎంతమంది, ఊరు వదిలి వచ్చినవాళ్ళ కుటుంబాలు ఏమవుతున్నాయి అన్నది దాని విషయం. 1950లో ఆ నివేదిక అచ్చయింది. 1949లో గోల్డ్ కోస్ట్ యూనివర్సిటీ కాలేజీలో అధ్యాపకులై, 1954లో సమాజశాస్త్ర ఆచార్య పదవి పొందారు. ఆ కాలేజీలో ఆచార్య పీఠం ఎక్కిన మొదటి ఆఫ్రికన్ ఆయనే.

ఇంతలో దేశం ఉడుకుతోంది. క్వామే ఎన్‌క్రుమా జనంలోకి దూసుకొచ్చారు. వెంటనే స్వాతంత్ర్యం కావాలన్నది ఆయన నినాదం. 1951లో అసాంతే పెద్దల మండలి తరఫున బుసియా శాసనసభలోకి వెళ్ళారు. 1952లో ఘానా కాంగ్రెస్ పార్టీకి నాయకుడయ్యారు. నిజం చెప్పాలంటే ఆయన జనాన్ని ఊపేసే వక్త కాదు. తరగతి గదిలో చెప్పినట్టే సభలోనూ చెప్పేవారు. 1954 ఎన్నికల్లో ఆ పార్టీ తరఫున గెలిచింది ఆయన ఒక్కరే.

అదే ఏడు కోకో రైతులకు ఇచ్చే ధరను ప్రభుత్వం తక్కువగా కట్టేసింది. ప్రపంచ మార్కెట్‌లో ధర ఎంతో ఎక్కువ ఉంది. అసాంతే రైతులు భగ్గుమన్నారు. కుమాసిలో నేషనల్ లిబరేషన్ మూవ్‌మెంట్ పుట్టింది. ప్రాంతాలకు అధికారాలుండే సమాఖ్య కావాలని అది అడిగింది. బుసియా ఆ పక్షాన నిలిచారు. రెండు పక్షాల మధ్య దాడులు, ఇళ్ళు తగలబెట్టడాలు కూడా జరిగాయి. 1956 ఎన్నికల్లో 104 స్థానాలకు ఎన్‌క్రుమా పార్టీ 71 గెలిచింది. బుసియా ప్రతిపక్ష నాయకుడయ్యారు. రాజ్యాంగంలో సరైన రక్షణలు లేకుండా స్వాతంత్ర్యం ఇవ్వొద్దని ఆయన లండన్ దాకా వెళ్ళి వాదించారు. దీన్ని ఆయన ప్రత్యర్థులు ఎన్నటికీ క్షమించలేదు. స్వాతంత్ర్యం వాకిట్లో నిలబడ్డప్పుడు ఆగమని పరాయి ప్రభుత్వాన్ని అడగడం మాకు కూడా మింగుడుపడదు. అయితే ఆయన భయపడ్డది ఊరికే కాదని తర్వాతి ఏళ్ళు చూపించాయి.

1957 మార్చి 6న ఘానా స్వతంత్రమైంది. ఆ ఏడాదే ప్రాంతం, జాతి, మతం పేరిట పార్టీలు ఉండకూడదని చట్టం వచ్చింది. ప్రతిపక్షాలన్నీ కలిసి యునైటెడ్ పార్టీ అయ్యాయి. 1958లో విచారణ లేకుండా నిర్బంధించే చట్టం వచ్చింది. 1959లో బుసియా దేశం విడిచారు. నెదర్లాండ్స్‌లోని హేగ్‌లోనూ, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లోనూ పాఠాలు చెప్పుకుంటూ బతికారు. దేశంలో ఉండిపోయిన పెద్ద నాయకుడు జె.బి. డాంక్వా 1965లో నిర్బంధంలోనే జైల్లో చనిపోయారు.

ఆ ప్రవాసంలో బుసియా రాసినవాటిలో ఆఫ్రికా ప్రజాస్వామ్యం గురించిన పుస్తకం 1967లో వెలువడింది. ఒకే పార్టీ పాలనే ఆఫ్రికా సంప్రదాయమని చెప్పుకునే నాయకులకు అది జవాబు. మన పాత సభల్లో ఎదురు మాట్లాడే హక్కు ఉండేదని, పెద్ద తప్పు చేస్తే దించే దారి ఉండేదని ఆయన వాదన.

1966 ఫిబ్రవరి 24న సైన్యం ఎన్‌క్రుమాను కూలదోసింది. బుసియా తిరిగి వచ్చి సైనిక ప్రభుత్వానికి సలహాదారుగా, పౌర విద్యా కేంద్రానికి అధ్యక్షుడిగా పనిచేశారు. ఓటు, హక్కు, బాధ్యత గురించి ఊరూరా చెప్పించడం ఆ కేంద్రం పని. 1969 ఆగస్టు 29 ఎన్నికల్లో ఆయన ప్రోగ్రెస్ పార్టీ 140కి 105 స్థానాలు గెలిచింది. ఆచార్యుడు ప్రధాని అయ్యారు.

పల్లెల గురించి ఆయన ప్రభుత్వం పట్టించుకుంది. గ్రామీణాభివృద్ధికి ప్రత్యేక మంత్రిత్వ శాఖ పెట్టింది. పల్లెలకు మంచినీళ్ళు, రోడ్లు, కరెంటు ఇవ్వడానికి పూనుకుంది. అప్పటిదాకా రాజధాని అక్రా చుట్టూ తిరిగిన డబ్బును కొంతైనా ఊళ్ళ వైపు మళ్ళించింది. దీన్ని ఘానా పల్లెల్లో చాలాకాలం తలుచుకున్నారు.

కానీ పాలన మొదలైన కొద్ది వారాలకే, 1969 నవంబర్ 18న, ఇంకో ఉత్తర్వు వచ్చింది. నివాస అనుమతి పత్రం లేని విదేశీయులు రెండు వారాల్లో పత్రం తెచ్చుకోవాలి, లేదా దేశం విడవాలి. ఎక్కువగా దెబ్బతిన్నది నైజీరియా నుంచి వచ్చిన యొరూబా వర్తకులు, ఉత్తరపు దేశాల నుంచి కోకో తోటలకు వచ్చిన కూలీలు. వాళ్ళలో చాలామంది ఘానాలోనే పుట్టి పెరిగినవాళ్ళు. లక్షల మంది చేతికందింది మూటగట్టుకుని వెళ్ళిపోయారు. దేశంలో నిరుద్యోగం ఉంది, ఘానావాళ్ళకే వ్యాపారాలు దక్కాలన్న ఒత్తిడి ఉంది, అది నిజమే. అయినా ఓడరేవు పట్టణంలో ఊరు విడిచి వచ్చినవాళ్ళ అద్దె గదులు లెక్కపెట్టిన మనిషి ప్రభుత్వమే ఈ ఉత్తర్వు తెచ్చిందని చదివినప్పుడు మనసు చివుక్కుమంటుంది. కోకో తోటల్లో కూలీలూ కరువయ్యారు. పద్నాలుగేళ్ళకు, 1983లో, నైజీరియా తన దేశంలోని ఘానావాళ్ళను పెద్ద ఎత్తున వెళ్ళగొట్టింది. వాళ్ళు సామాన్లు కుక్కుకుని వెళ్ళిన గళ్ళ ప్లాస్టిక్ సంచికి అక్కడ ఇప్పటికీ ఘానా మస్ట్ గో అనే పేరుంది. మన వలస కూలీల చేతుల్లోనూ అలాంటి గళ్ళ సంచులు చూస్తుంటాం.

1970 ఫిబ్రవరిలో 568 మంది ప్రభుత్వోద్యోగులను ఒక్కసారి తీసేశారు. చంద్రుడి మీదికి అపోలో వెళ్ళిన రోజులు కాబట్టి జనం దాన్ని అపోలో 568 అన్నారు. తీసేసినవాళ్ళలో సల్లా అనే ఒకాయన కోర్టుకెళ్ళారు. సైనిక పాలనలో ఏర్పడ్డ పదవులు ఆరు నెలల్లో ముగుస్తాయన్న రాజ్యాంగ నిబంధనను ప్రభుత్వం చూపించింది. ఈయన పదవి ఆ కోవలోకి రాదని న్యాయమూర్తులు తీర్పిచ్చారు. దానికి బుసియా రేడియోలో, టీవీలో దేశానికి ప్రసంగిస్తూ, ఫలానావాణ్ణి ఉద్యోగంలో పెట్టుకొమ్మని ఏ కోర్టూ తన ప్రభుత్వాన్ని బలవంతం చెయ్యలేదని తేల్చిచెప్పారు.

ఆ రోజు అసాంతే ఊళ్ళో అయితే పీఠం ముందు ఎవరో లేచి, ఎక్కేటప్పుడు విన్న షరతులు గుర్తుచేసి ఉండేవారు. ప్రధాని కార్యాలయంలో అలా లేచేవాళ్ళు లేకపోయారో, ఉన్నా వినలేదో గాని, మాట బయటికి వచ్చేసింది. ఈనాటికీ ఘానాలో న్యాయవ్యవస్థ గురించి మాట్లాడితే ఈ ప్రసంగం ప్రస్తావన వస్తుంది.

ఆ తర్వాత కష్టాలు వరసగా వచ్చాయి. 1971లో కార్మిక సంఘాల సమాఖ్యను చట్టం తెచ్చి రద్దు చేశారు. కోకో ధర పడిపోయింది. అప్పులు పాతవీ కొత్తవీ కలిసి మీదపడ్డాయి. 1971 డిసెంబర్ 27న ఘానా కరెన్సీ సెడీ విలువను దాదాపు 44 శాతం తగ్గించారు. సరుకుల ధరలు ఎగబాకాయి. సైన్యం సదుపాయాల్లో కోతలతో అధికారులూ మండిపడ్డారు. 1972 జనవరి 13న, బుసియా వైద్యం కోసం లండన్‌లో ఉండగా, కల్నల్ అచియాంపాంగ్ అధికారం చేజిక్కించుకున్నారు. రెండేళ్ళ పైచిలుకు పాలన అలా ముగిసింది. బుసియా మళ్ళీ ఆక్స్‌ఫర్డ్ చేరుకున్నారు. ఇక దేశానికి ప్రాణంతో తిరిగి రాలేదు.

ఆయనను దించిన అచియాంపాంగ్‌ను 1978 జూలై 5న తోటి సైనికాధికారులే దించేశారు. ఆగస్టు 28న బుసియా ఆక్స్‌ఫర్డ్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 65 ఏళ్ళు. దేహాన్ని ఘానాకు తెచ్చి ప్రభుత్వ లాంఛనాలు జరిపి, వెంచిలో ఆయన పుట్టిన మట్టిలోనే ఖననం చేశారు.

ఆయన ప్రభుత్వంలో విదేశాంగ ఉపమంత్రిగా పనిచేసిన జాన్ కుఫూర్ అనే యువ న్యాయవాది 2001లో ఘానా అధ్యక్షుడయ్యారు. రెండు విడతల గడువు ముగిశాక, 2009 జనవరిలో, ఎన్నికల్లో గెలిచిన ప్రతిపక్ష నాయకుడికి పదవి అప్పగించి దిగిపోయారు.